నాలుగున్నరకు ఆపేసిన ఫోను

మా నాయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఆ ముప్పై ఏళ్ళలో రాహుకాలం, యమగండం చూసుకుని బండెక్కే వీలు ఆయనకు ఒక్క రోజు కూడా దొరకలేదు. డిపోలో తీయమన్నప్పుడు తీయాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. సోమవారం పొద్దున ఏడున్నరకు పుత్తూరు నుంచి చిత్తూరు పోయే బండి సరిగ్గా రాహుకాలం మొదలయ్యే నిమిషానికే కదిలేది. దాన్ని నడిపింది మా నాయనే. రిటైరయ్యాక ఆ కసంతా తీర్చుకుంటున్నాడు. రోజుకొక కాగితం చించే క్యాలెండరు గోడకు తగిలించుకుని, దాని కిందే కుర్చీ వేసుకుని, కొత్త సబ్బు విప్పాలన్నా, గ్యాసు సిలిండరు మార్చాలన్నా వేళ చూసి చెబుతాడు. పోనీలే, పెద్దాయన ముచ్చట, మనకు పోయేదేముంది అనుకునేదాన్ని. ఆ ముచ్చట మా అమ్మ ఫోను మీదికి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

అమ్మ ఫోను సంగతి చెప్పాలంటే ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. అమ్మా నాయనా పుత్తూరులో ఉంటారు. నేను చిత్తూరులో బడిపంతులమ్మను, ఆదివారాలు వచ్చి పోతుంటాను. తమ్ముడు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటాడు. వాడికి పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. వాడూ అమ్మా చేతులతో మాట్లాడుకుంటారు. అవి బడిలో నేర్పే సైగలు కావు. వాడికి రెండేళ్ళున్నప్పటి నుంచి వాళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని తయారు చేసుకున్నవి. ముక్కుపుడక తాకితే అమ్మ. స్టీరింగు తిప్పినట్టు చేస్తే నాయన. చూపుడువేలు ఆడించి బెదిరిస్తే నేను. ఆ పేరు పెట్టినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నేనింకా టీచరు కూడా కాలేదు.

అమ్మకు చదువు రాదు. వాడు మెసేజీ రాస్తే ఆమెకు తెలియదు, ఆమె ఫోను చేసి మాట్లాడితే వాడికి వినబడదు. వీడియో కాల్ ఒక్కటే దారి. వాడికి ఏ పూట డ్యూటీ ఉంటే దాన్ని బట్టి రోజుకొక గంట, ఆ వారమైతే పొద్దున పది నుంచి పదకొండు దాకా, అమ్మ ఫోనును పప్పుల డబ్బాకు ఆనించి పెట్టుకుని వాడితో మాట్లాడేది. ఏం కూర వండావు, ఎవరి ఆవు ఈనింది, పక్క మంచం పిల్లవాడు ఇంకా గురక పెడుతున్నాడా (వాడికి వినబడదు కానీ మంచం అదురుతుందట), అన్నీ చేతులతోనే. ఆ గంటసేపు మా ఇంట్లో గాజుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

అలాంటి ఫోనులో ఒక ఎర్రటి గీటు కనబడింది. ఈ ఫోనులో సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది, రేపటి నుంచి ఇందులో వీడియో కాల్ యాప్ పని చెయ్యదు, అప్డేట్ చేసుకోండి అని. ఎన్నాళ్ళ నుంచి కనబడుతోందో ఆ దేవుడికే తెలియాలి. అమ్మకు చదవడం రాదు. నాయనకు చదవడం వచ్చు కానీ, క్యాలెండరు తప్ప ఇంకేదీ చదవడు. ఆదివారం పొద్దున వాళ్ళ మాటలు అయిపోయాక ఫోను చేతికి తీసుకున్నాను కాబట్టి నా కంటబడింది.

అప్డేట్ నొక్కాను. "తగినంత స్థలం లేదు" అంది. లోపల చూస్తే ఏముంది, నాయన తోటి డ్రైవర్లు పంపిన శుభోదయాలు. పూలు చల్లిన వేంకటేశ్వరుడు, పూలు చల్లని వేంకటేశ్వరుడు, మెరిసే వేంకటేశ్వరుడు, మొత్తం రెండు వేల పైచిలుకు. నాయన దగ్గరున్నది చిన్న బటన్ల ఫోను, అందులో బొమ్మలు రావు కాబట్టి ఆయన స్నేహితులందరికీ అమ్మ నంబరే ఇచ్చాడు. నేను ఒక్కొక్కటే తుడుస్తుంటే పక్కన నిలబడి నాయన గొణుగుడు.

"దేవుని బొమ్మలన్నీ తుడిచేసి పని జరగాలంటే యాడ జరగతాది పాపా?"

"దేవుడు గుళ్ళో ఉండాడు నాయనా, ఇందులో ఉన్నింది చోటు తినే బొమ్మలు," అన్నాను. చిత్తూరులో పిల్లల ముందు శుద్ధంగా మాట్లాడతాను కానీ, పుత్తూరులో దిగితే నా నోరూ వాళ్ళ నోరే.

స్థలం దొరికింది. డౌన్‌లోడు సగమయ్యాక "ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. ఏదో తప్పు! పరీక్షలో ఇలా రాసిన పిల్లకు నేను సున్నా వేస్తాను. ఏ తప్పు, ఎవరి తప్పు, ఎక్కడ జరిగింది, చెప్పనక్కర్లేదా? మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి కరెంటు పోయింది. మూడోసారి, బ్యాటరీ సగానికి పైన ఉంటేనే మొదలుపెడతానంది. ఛార్జింగు పెట్టి కూర్చున్నాను. మా అమ్మ రెండుసార్లు అన్నం తినమని పిలిచింది. నేను తినలేదు, కోపంతో కడుపు నిండిపోయింది.

నాలుగు గంటలకు అన్నీ కుదిరాయి. "ఇన్‌స్టాల్ అవుతోంది, నలభై అయిదు నిమిషాలు పట్టవచ్చు, ఫోను ఆపకండి" అని తెర మీద వచ్చింది. ఛార్జింగు వైరు తగిలించి టీవీ పక్కన పెట్టాను. ఇద్దరికీ చెప్పాను, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని. అమ్మ రవిక కుట్టడానికి ఇచ్చి నెలయింది, టైలరు ఎంతకీ ఇవ్వడం లేదని దాన్ని తేవడానికి బజారుకు పోయాను. టైలరు అప్పటికీ కుట్టలేదు, అది వేరే కథ.

అయిదు గంటలకు తిరిగొస్తే ఫోను తెర నల్లగా ఉంది. నాయన కుర్చీలో నిమ్మళంగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఏమైంది దీనికి?"

"ఏమీ కాలా. నేనే ఆపినా."

"ఎందుకు నాయనా? ముట్టుకోవద్దని చెప్పి పోతిని గదా!"

"నాలుగున్నర అయింది గదా పాపా. ఆదివారం. రాహుకాలం. అది ఊరికే తిరగతా ఉంటే నేనూ చూస్తా ఊరుకున్నా. సరిగ్గా నాలుగున్నరకు నల్లగా అయిపోయి మళ్ళా తెల్లగా లేస్తాంది. అంటే ఏంది? కొత్తగా పుడతాందని గదా అర్థం. ఆ వేళలో పుట్టింది బాగుపడతాదా? రేపట్నించీ బిడ్డతో మాట్లాడాల్సిన ఫోను. ఆరు దాటినాంక నేనే ఆన్ చేస్తాలే."

"అసలు ఎట్లా ఆపినావు? అది ఆగదు గదా అప్పుడు."

"నువ్వే గదా నేర్పించినావు, బిగుసుకుపోతే పక్క బటను పట్టుకోని పది లెక్కబెట్టమని. నేను ఇరవై లెక్కబెట్టినా, ఎందుకైనా మంచిదని."

ఆయన మొహంలో రవ్వంత తప్పు చేశానన్న జాడ కూడా లేదు. బిడ్డను గండం నుంచి తప్పించిన తృప్తి ఉంది. అదే నాకు ఒళ్ళు మండించింది. తిట్టడానికి లేదు, ఆయన చేసింది కొడుకు మంచి కోసమే. తిట్టకుండా ఉండడానికి లేదు, మంచి కోసం చేసి చంపింది ఫోనును.

ఆరు దాటి ఒక నిమిషం గడిచాక నాయన చేతులు కడుక్కుని వచ్చి, తూర్పు వైపు తిరిగి ఫోను బటను నొక్కాడు. కంపెనీ పేరు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. "లేస్తాందిలే, రవ్వంత తాళు," అన్నాడు. పావుగంట తాళాం. అది పేరు చూపించడం, ఆరిపోవడం, అంతే.

అమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా చూస్తోంది. తప్పెవరిదని అడగలేదు. "రేపు పది గంటలకు బిడ్డ కనబడతాడా ఇందులో?" అని మాత్రం అడిగింది. కనబడతాడమ్మా అన్నాను. అప్పుడే నా ఫోను నుంచి చేసి ఉండేదాన్ని కానీ, ఆ వారం వాడికి మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ, ఆదివారం కూడా. ఫ్యాక్టరీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరే పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. అది ఫోన్లు తయారు చేసే ఫ్యాక్టరీ.

ఈ ముక్క మా వీధిలో అందరికీ తెలుసు. "మీ తమ్ముడు ఫోన్ల ఫ్యాక్టరీలోనే గదమ్మా, ఆయప్పకు ఇస్తే ఒక్క నిమిషంలో బాగు చేస్తాడు," అని ఎదురింటాయన సలహా. మా తమ్ముడు చేసే పని, తయారైన ఫోన్ల అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించడం. రోజుకు కొన్ని వందల ఫోన్లకు అంటిస్తాడు. వాటి లోపల ఏముందో వాడికీ నాకూ సమానంగా తెలుసు.

సిమ్ము తీసి నాయన బటన్ల ఫోనులో వేసి, అమ్మ ఫోను సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోయాను. అక్కడి రిపేరు కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మన ఊళ్ళో ఎముకలు విరిగితే కట్టు కడతారక్కా, దీనికి కట్టు లేదు. చిత్తూరికి తీసకపో," అన్నాడు. సోమవారం సాయంత్రం చిత్తూరులో ఒకాయన లోపలి బోర్డు పోయిందన్నాడు. పక్క కొట్టాయన బోర్డు బంగారంలా ఉంది, బ్యాటరీ పోయిందన్నాడు. ఇద్దరూ ఫోనును ఒకసారి చూసి, నా చేతి సంచిని రెండుసార్లు చూశారు. నేను ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను. తిరుపతిలో ఆ కంపెనీ వాళ్ళ సర్వీసు సెంటరు ఉంది. దానికి సెలవు పెట్టాలి. పరీక్షల ముందు మా హెడ్‌మాస్టరు దగ్గర సెలవు పుట్టించడం అంత సులువు కాదు. బుధవారానికి ఒక్క రోజు దొరికింది.

ఈలోపు సోమవారం పది గంటలకు, నేను ఏడో తరగతిలో లెక్కలు చెబుతుండగా నా ఫోను గుర్రుమంది. తమ్ముడి వీడియో కాల్. కట్ చేశాను. "అమ్మ ఫోను చెడిపోయింది, రిపేరుకు ఇచ్చాను, అమ్మ బాగుంది" అని మెసేజీ పెట్టాను. వాడు పది దాకా చదివాడు, చిన్న చిన్న మాటలు రాస్తాడు. "అమ్మ ఏది" అని రాశాడు. పుత్తూరులో ఉంది అన్నాను. "చూడాలి" అన్నాడు. నేను చిత్తూరులో ఉన్నాను, ఎలా చూపించను అన్నాను.

ఎదురింటామె తన ఫోను ఇస్తానందట. అమ్మ తీసుకోలేదు. వాడు చిన్నప్పుడు ఒక పెళ్ళిలో అమ్మ వాడితో చేతులతో మాట్లాడుతుంటే ఎవరో ఆడవాళ్ళు వెనక నిలబడి అలాగే చేతులు తిప్పి నవ్వారు. ఆనాటి నుంచి నలుగురిలో ఆమె చేతులు లేవవు. ఇంట్లో, తలుపు వేసుకుని మాత్రమే. "పరాయి ఇంట్లో కూసోని నేనా మాట్లాడతా? వద్దులే, రెండు దినాలే గదా," అందట. నాయన ఫోనులో చెప్పాడు నాకు. చెబుతూ చెబుతూ, "బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, ఆ వేళ మాత్రం రిపేరు మొదలుపెట్టనియ్యొద్దు," అని కూడా అన్నాడు. ఫోను పెట్టేశాను.

మంగళవారం పదికి మళ్ళీ చేశాడు. ఈసారి స్టాఫ్‌రూము వరండాలోకి పోయి ఎత్తాను. హాస్టలు గోడ ముందు నిలబడి వాడి చేతులు ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే, ముక్కుపుడక ఒక్కటే నాకు అర్థమైంది. అమ్మ గురించి అడుగుతున్నాడు. మిగతాదంతా గాలి. ఒప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ, వాడి భాషలో నాకు వచ్చినవి ఇరవై మాటలుంటాయేమో. రా, పో, అన్నం, నీళ్ళు, డబ్బు, బస్సు, ఇలాంటివి. ఇంట్లో ఎప్పుడూ అమ్మ మధ్యలో ఉండి చెప్పేది, నేను వినేదాన్ని. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. నేర్చుకోవాలని అనిపించలేదని కాదు, అవసరం పడలేదు అనుకున్నాను. బొటనవేలు ఎత్తి చూపించాను, అమ్మ బాగుందని. వాడు తల అడ్డంగా ఊపాడు. ఇంకేదో చెప్పాడు. బెల్లు కొట్టారు. నెట్‌వర్కు లేనట్టు ముఖం పెట్టి కాల్ కట్ చేశాను.

తర్వాత అమ్మ ఫొటో ఒకటి వెతికి పంపాను. "పాత ఫొటో. పండగ చీర," అని రాశాడు. నాకు చిర్రెత్తింది. ఒక పక్క కొట్ల వాళ్ళు, ఒక పక్క హెడ్‌మాస్టరు, ఒక పక్క నాయన క్యాలెండరు, ఇప్పుడు వీడికి నేను సాక్ష్యాలు చూపించాలి! "నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. పిచ్చి ప్రశ్నలు వెయ్యకు. నాకు క్లాసుంది," అని రాసి పంపాను. చదివినట్టు గుర్తులు పడ్డాయి. బదులు రాలేదు. హమ్మయ్య, ఊరుకున్నాడు అనుకున్నాను.

బుధవారం తిరుపతి సర్వీసు సెంటరులో టోకెను తీసుకుని కూర్చున్నాను. కౌంటర్లో చిన్నమ్మాయి ఫోను చూసి, "అప్డేట్ మధ్యలో ఆపేసినారా మేడం?" అంది.

"ఆపేశారు."

"కరెంటు పోయిందా?"

"కాదు," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "రాహుకాలం వచ్చింది."

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మాకు ఇట్లాంటివి వస్తానే ఉంటాయి మేడం. కొత్త ఫోను పెట్టె విప్పేదానికి కూడా టైమడగతారు. ఫారంలో కరెంటు పోయిందనే రాస్తా," అని రాసుకుంది. లోపలున్న ఫొటోలన్నీ పోతాయి, సంతకం పెట్టమంది. పెట్టాను. గంటలోపే ఫోను కళ్ళు తెరిచింది. చూడగానే నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. ఒక్క గంట పని కోసం నాలుగు రోజులు తిరిగినందుకు మరుక్షణమే అంత ఏడుపూ వచ్చింది.

అయినా అయిపోలేదు. వీడియో కాల్ యాప్ మళ్ళీ కొత్తగా వెయ్యాలి. వేస్తే అమ్మ నంబరుకు ఓటీపీ వస్తుంది. అమ్మ సిమ్ము నాయన ఫోనులో ఉంది. నాయన పుత్తూరులో ఉన్నాడు. గడియారం చూస్తే పన్నెండుంబావు. నాయన వద్దన్న వేళే. అయినా ఆయనకు ఫోను చేశాను.

"నాయనా, నీ ఫోనుకు ఆరు అంకెలొచ్చింటాయి, చదువు."

"ఒకటిన్నర దాకా నిలు పాపా."

"నిలిస్తే అది చెల్లదు నాయనా! ఇప్పుడే చెప్పాల."

"అదీ గాక, ఇది ఎవరికీ చెప్పొద్దని రాసిండాది ఈడ. ఫోను ఎత్తితే చాలు, పాపం రికార్డులో మాట్లాడే ఆ యమ్మి కూడా అదే చెప్తా ఉండాది రోజూ, ఓటీపీ ఎవురికీ చెప్పొద్దండీ అని."

"ఎవరికీ అంటే దొంగలకు. నేను నీ కూతుర్ని!"

"కూతురికి చెప్పొచ్చని రాయలేదే."

సర్వీసు సెంటరులో కూర్చున్న పదిమందీ నన్నే చూస్తున్నారు. ఒకటిన్నర దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఒకటి ముప్పై ఒకటికి ఆయనే ఫోను చేసి, ఎంతో ప్రసన్నంగా, అంకెలు చదివాడు. తప్పు అంది. మళ్ళీ పంపించమన్నాను. మళ్ళీ చదివాడు. తప్పు. నాలుగైదు సార్లయ్యాక తెలిసింది, ఆయన మెసేజీలను కింది నుంచి చదువుతున్నాడని. ప్రతిసారీ మొదట వచ్చినదాన్నే చదివాడు. అప్పటికి తెర మీద ఇంకో మాట వచ్చేసింది. చాలాసార్లు ప్రయత్నించారు, ఇరవై గంటల తర్వాత రండి.

బస్సెక్కి సాయంత్రానికి పుత్తూరు చేరాను. అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, దాని వెలుతురు చూసి, కొంగుతో తుడిచింది. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. "రేపటికి కూడా సెలవు చెప్పేశాను, పొద్దున నేనుంటాను, పదికి నా ఫోనులోనే మాట్లాడుదువు, ఆ తర్వాత నీ ఫోనుకు కూడా వచ్చేస్తుంది," అన్నాను. అమ్మ తలాడించింది. "వాడు ఏమనుకుంటా ఉండాడో ఏమో," అంది. ఏమీ అనుకోడులే, నేను మెసేజీలు పెట్టాను అన్నాను.

గురువారం పొద్దున ఎనిమిదిన్నర దాటి ఉంటుంది. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. వీధి తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. ఫ్యాక్టరీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పదికి డ్యూటీ దిగి, నిద్ర లేకుండా, తెల్లారి మొదటి బస్సు పట్టుకున్నట్టున్నాడు. "బూట్లు, బూట్లు!" అని నాయన అరిచాడు, వాడికి వినబడదన్న సంగతి మరిచిపోయి. వాడు మమ్మల్నిద్దర్నీ దాటుకుని నేరుగా పెరట్లోకి పోయాడు.

అమ్మ రెండు భుజాలూ పట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. నుదురు ముట్టుకున్నాడు. చేతులు తిప్పి చూశాడు, సూది గుచ్చిన గుర్తులేమైనా ఉన్నాయేమోనని కాబోలు. వంగి పాదాలు నొక్కి చూశాడు. అమ్మ మొదట నవ్వింది, సబ్బు చేతులతో ఏందిరా అన్నట్టు చేసింది. వాడు చాకిరేవు బండ మీద కూలబడి ఏడ్చాడు. వాడి గొంతు మేము వినేది అలాంటప్పుడే. గుండెల లోపలి నుంచి వచ్చే ఆ చప్పుడు వాడికి తెలియదు కాబట్టి దాన్ని అణుచుకోవడం కూడా తెలియదు.

నాకు జాలి వేసింది. అయితే జాలి కంటే ముందు కోపమే నోట్లోకి వచ్చింది. "చూడమ్మా! ఫోను చెడిపోయిందని చెప్పాను, బాగున్నావని చెప్పాను, ఫొటో పంపాను. అయినా నమ్మకుండా ఇట్లా నిద్ర మాని పరిగెత్తి వస్తే నేనేం చెయ్యాల?" అంటూ అమ్మ ఫోను తెచ్చి వాడి ముందు పెట్టాను, ఇదిగో సాక్ష్యం అన్నట్టు.

వాడు దాన్ని చూడలేదు. లేచి నా వైపు తిరిగాడు. ఎడమ చెయ్యి గుంటలా పట్టి, కుడి చేత్తో అందులో దంచినట్టు చేశాడు. మా అవ్వకు పళ్ళు లేవు, ఆకువక్క చిన్న రోట్లో దంచుకుని తినేది. వాడి భాషలో అవ్వంటే అదే. అది నాకూ తెలుసు. ఆ తర్వాత ఆడించి చూపించిన చూపుడువేలు నేనే. మిగతాది అర్థం కాలేదు. అమ్మ వైపు చూశాను.

అమ్మ చేతులు తుడుచుకుంది. "అవ్వ పోయినప్పుడు గూడా అక్కే గదా, అవ్వ ఆస్పత్రిలో ఉండాది, బాగైపోతాది అని రాసింది, అంటా ఉండాడు," అంది.

నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. అప్పట్లో వాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు. వాణ్ణి ఎత్తుకుని పెంచిన అవ్వ పోయింది. పరీక్షలు పాడవుతాయి, వాణ్ణి పిలవొద్దు అని గట్టిగా చెప్పింది నేనే. కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు, నా మాటకు ఇంట్లో ఎదురులేదు. ఉత్తరం కూడా నేనే రాశాను. వాడు పరీక్షలు ముగించుకుని, అవ్వకు వక్క పొట్లం కొనుక్కుని వచ్చాడు. మంచం ఉన్న చోట మంచం లేదు. గోడ మీద ఫొటోకు పూలదండ ఉంది. మేమెవరమూ వాడికి చెప్పలేదు. అమ్మ మాత్రం వాడి పక్కన కూర్చుంది. నేను కంచంలో అన్నం పెట్టి ముందుకు తోశాను. పరీక్ష పాసయ్యాడు కదా, నేను మంచే చేశాను అని ఇన్నేళ్ళూ నమ్మాను. రాహుకాలంలో ఫోను ఆపిన మా నాయన కూడా అలాగే నమ్మాడు.

అప్పుడే ఇంట్లో నాయన చేతిలో ఫోను చప్పుడు చేసింది. ఇరవై గంటల గడువు కూడా తీరకముందే నిన్నటి మెసేజీలలో ఒకటి ఇప్పుడొచ్చిందో, ఏమో. "వచ్చింది పాపా, వచ్చింది! ఈసారి పైదే చదవతా ఉండా," అని గట్టిగా ఒక్కొక్క అంకె చదవడం మొదలుపెట్టాడు. రాసుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. రాసుకోవాలని కూడా లేదు.

"అమ్మా," అన్నాను, "తప్పయింది అని ఎట్లా చెప్పాల వానికి?"

అమ్మ ఆలోచించింది. నిజంగానే వెతుక్కుంది. "ఆ మాటకు మేము సైగ పెట్టుకోలేదే పాపా," అంది. "వానికీ నాకూ ఎప్పుడూ పనిబడలా."

నేను వాడి ఎదురుగా నిలబడి లెంపలు వేసుకున్నాను. కుడి చెయ్యి ఎడమ చెంపకు, ఎడమ చెయ్యి కుడి చెంపకు, గుళ్ళో వేసుకున్నట్టే. తమ్ముడి ముందు అక్క లెంపలు వేసుకోవడం ఏమిటని నాయన అంకెలు చదవడం ఆపి చూస్తున్నాడు. రెండోసారికి వాడు నా మణికట్టు పట్టుకుని ఆపాడు. నవ్వలేదు. వదిలేసి, మెల్లగా, నాకోసమే అన్నట్టు ఒక్కొక్క సైగా విడివిడిగా చేస్తూ ఏదో అన్నాడు.

"ఏమంటా ఉండాడమ్మా?" అన్నాను.

"నన్నెందుకు అడగతావు? ఎదురుగానే ఉండాడు గదా, వాన్నే అడుగు," అని అమ్మ మిగిలిన బట్టలు ఉతకడానికి పోయింది.